ఇల్లు గుంటూరులో, ఉద్యోగం ఆటోనగర్‌లో: ఒక కుటుంబం మకాం నిర్ణయం

ఈ కేసు గుంటూరులోని ఒక కుటుంబానిది. వాళ్ల అనుమతి తీసుకుని, గుర్తుపట్టడానికి వీలుండే వివరాలు మార్చి రాస్తున్నాను. నేను గుంటూరులో ఫ్యామిలీ కౌన్సెలర్‌ని. గుంటూరు, విజయవాడల మధ్య రోజూ తిరిగే ఉద్యోగుల ఇళ్ల నుంచి నా దగ్గరికి చాలామంది వస్తుంటారు. "మకాం మార్చేయమంటారా మేడమ్?" అన్నది వాళ్లు దాదాపు మొదట్లోనే అడిగే మాట. ఈ కేసును ఎంచుకోవడానికి కారణం ఉంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో మకాం మారిస్తే ప్రయాణం పోదు. కావడి భుజం మార్చుకున్నట్టు ఒకరి మీద నుంచి ఇంకొకరి మీదికి వెళ్తుంది. రెండో భుజం మోయగలదా లేదా అన్నది చూడకుండా ఇల్లు ఖాళీ చేసినవాళ్లను నేను చాలామందిని చూశాను.

ఇంటి పరిస్థితి

భర్తకు 40 దాటాయి. విజయవాడ ఆటోనగర్‌లో లారీల విడిభాగాలు అమ్మే ఒక సంస్థలో అకౌంట్స్ చూస్తారు. భార్య ప్రత్తిపాడు వైపు ఒక ఊళ్లో మండల పరిషత్ బడిలో టీచర్. ఆ బడిలో ఆరో ఏడు నడుస్తోంది. అమ్మాయి ఎనిమిదో తరగతి, బాబు ఒకటో తరగతి. భర్త తల్లి వీళ్లతోనే ఉంటారు. ఆవిడకు షుగరు, మోకాళ్ల నొప్పులు. విద్యానగర్‌లో ఉన్న ఇల్లు భర్త తండ్రి కట్టించింది.

భర్త ఇంతకుముందు గుంటూరులోనే మిర్చి వ్యాపారుల దగ్గర లెక్కలు రాసేవారు. విజయవాడలో మంచి జీతం దొరికిందని రెండేళ్ల క్రితం మారారు. మొదట్లో రోజూ బండి మీద వెళ్లేవారు. హైవే మీద రాత్రిపూట లారీల మధ్య బండి నడపడం, నడుం నొప్పి, రెండూ కలిసి ఆయన్ని బస్సెక్కించాయి. రైలు ఎందుకు వద్దన్నారని అడిగాను. సీజన్ టికెట్ చవకే, కానీ దిగేది వన్‌టౌన్ దగ్గర. ఆటోనగర్ ఊరికి ఆ చివర. స్టేషన్ నుంచి మళ్లీ ఊరంతా దాటాలి. గవర్నర్‌పేటలోనో వన్‌టౌన్‌లోనో ఆఫీసు ఉన్నవాళ్లకు రైలు వరం, ఈయనకు కాదు.

నా దగ్గరికి వచ్చేసరికి గొడవ ముదిరిపోయి ఉంది. ఆయన విజయవాడలో ఆటోనగర్‌కు దగ్గరున్న పటమటలో అద్దె ఇల్లు చూసి, అడ్వాన్స్ ఇవ్వడానికి సిద్ధమయ్యారు. ఆవిడ రానంటున్నారు. "తొమ్మిదింటికి ఇంటికొస్తారు, అన్నం తిని ఫోన్ పట్టుకుంటారు. మనిషి ఇంట్లో ఉన్నా లేనట్టే" అని ఆవిడ బాధ. "నేను ఇంట్లో ఉండాలనే కదా మారదామంటున్నాను, దానికీ ఒప్పుకోదు" అని ఆయన బాధ. రెండూ నిజమైన బాధలే. ఆయనకు నిద్ర తక్కువగా ఉంది, ఆదివారం సాయంత్రం నుంచే మర్నాటి టెన్షన్ మొదలవుతోంది. బీపీ చూపించుకోమని ముందు డాక్టర్ దగ్గరికి పంపాను. మిగతా పని ఆ తర్వాత మొదలుపెట్టాం.

డబ్బు లెక్క

ఇద్దరూ కాగితాలు తెచ్చుకున్నారు. పటమట ఇంటి అద్దె 17 వేలు. గుంటూరు ఇల్లు అద్దెకిస్తే 11 వేలు వస్తాయి. అంటే తేడా 6 వేలు. ఆయన బస్సు, ఆటో, బయట తినే ఖర్చు కలిపి నెలకు 5 వేల పైమాటే. మకాం మారిస్తే అది మిగులుతుంది, కానీ ఆవిడ ప్రయాణం ఖర్చు కొత్తగా మొదలవుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి ఆ ఖర్చూ పెద్దది కాదన్నది ఆయన వాదన.

ఎటు తిప్పినా నెలకు వెయ్యి రూపాయల అటూ ఇటూగా తేలింది. నెలల తరబడి వీళ్లు పోట్లాడుకున్నది ఈ వెయ్యి గురించి. నా అనుభవంలో ఇది తరచుగా జరిగేదే. డబ్బు గురించి గట్టిగా మాట్లాడితే స్వార్థం అనరు. "నాకు కష్టంగా ఉంది" అంటే మాత్రం వాదన తేలికైపోతుందని భయం. అందుకే కష్టాన్ని కూడా రూపాయల్లోకి మార్చి మాట్లాడతారు. డబ్బు రెండు వైపులా సమానంగా ఉందని ఒప్పుకుని ఆ కాగితాలు మూసేద్దామన్నాను. ఇద్దరికీ వెంటనే నచ్చలేదు గానీ మూశారు.

గడియారం లెక్క

రెండు వారాల పాటు ఇద్దరినీ ఇంటి గుమ్మం నుంచి పని గుమ్మం దాకా పట్టే సమయం రాయమన్నాను. బస్సు కదిలిన దగ్గర్నుంచి కాదు, చెప్పులు వేసుకున్న దగ్గర్నుంచి. ఎవరిని అడిగినా గుంటూరు నుంచి విజయవాడ గంట అంటారు. ఈయనా అంతే అన్నారు. 35 కిలోమీటర్ల లోపు దూరం, మంచి హైవే, గంట అన్నది అబద్ధం కాదు. అయితే అది ఎన్టీఆర్ బస్టాండులో బస్సు కదిలాక మొదలయ్యే గంట. విద్యానగర్ నుంచి బస్టాండు, అక్కడ సీటున్న బస్సు కోసం నిలబడటం, పెదకాకాని, కాజ, మంగళగిరి దాటి వారధి దగ్గర దిగడం, అక్కడి నుంచి ఆటో పట్టుకుని బెంజి సర్కిల్ రద్దీలో ఆటోనగర్ చేరడం, అన్నీ కలిపితే పొద్దున 1 గంట 50 నిమిషాలు, సాయంత్రం ఇంకో 5 నిమిషాలు ఎక్కువ. ఆవిడకు బడికి పోను 55 నిమిషాలు, రాను 55.

సగటు కంటే నేను ఎక్కువ పట్టించుకునేది చెడ్డ రోజుల్ని. ఆయన కాగితంలో ఒక సాయంత్రం రెండు గంటల నలభై నిమిషాలు ఉంది. ఆ రోజు ఏమైందని అడిగితే ప్రత్యేకంగా ఏమీ లేదు. వారధి మీద ఒక లారీ ఆగిపోయింది, అంతే. దసరా నవరాత్రుల్లో దుర్గ గుడి దారులు మళ్లించే రోజులు వేరే. మనిషి కష్టానికి అలవాటు పడతాడు గానీ ఎప్పుడు చేరతాడో తెలియని ప్రయాణానికి అలవాటు పడటం చాలా కష్టం. ఆయన ఇంటికొచ్చాక మాట్లాడకపోవడం వెనక ఉన్నది ఇదే.

ఈ విషయం మీద బయట జరిగిన పరిశోధనలు కూడా వాళ్లకు చెప్పాను. మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనంలో టెక్సాస్‌లోని 909 మంది ఉద్యోగినుల చేత ముందు రోజు గడిచిన తీరును గంటగంటకూ రాయించారు. వాళ్ల రోజులో అన్నిటికంటే అయిష్టంగా గడిచింది పొద్దున పనికి వెళ్లే ప్రయాణం. బ్రూనో ఫ్రే, అలోయిస్ స్టుట్సర్ అనే ఆర్థికవేత్తలు జర్మనీ సమాచారం చూసి, ప్రయాణ సమయం పెరిగిన కొద్దీ జీవితంతో తృప్తి తగ్గుతోందని చూపారు. ఎక్కువ జీతమో మంచి ఇల్లో ఆ లోటును పూర్తిగా పూడ్చడం లేదు. స్వీడన్‌లో ఎరికా సాండో చేసిన పరిశోధనలో దూర ప్రయాణం చేసే ఉద్యోగుల ఇళ్లలో విడిపోవడాలు మిగతావాళ్ల కంటే ఎక్కువగా, ముఖ్యంగా మొదటి కొన్నేళ్లలో ఎక్కువగా కనిపించాయి. మన కుటుంబాలు వేరు, ఆ అంకెలు యథాతథంగా మనకు వర్తించవు. కానీ రెండేళ్లుగా అలసిపోయి ఉన్న ఈ మనిషికి తన చిరాకు గుణంలో లోపం కాదని వినడం చాలా అవసరం అనిపించింది. ఆవిడ కూడా ఆ మాట శ్రద్ధగా విన్నారు.

ఆ తర్వాత మూడు చోట్లకు ఇద్దరి ప్రయాణం కలిపి లెక్క వేశాం. గుంటూరులో ఉంటే ఇద్దరికీ కలిపి రోజుకు 5 గంటల 35 నిమిషాలు. పటమటకు మారితే ఆయనకు 40 నిమిషాలు సరిపోతాయి. ఆవిడకు మాత్రం విజయవాడ నుంచి గుంటూరు, గుంటూరు నుంచి మళ్లీ ప్రత్తిపాడు వైపు. ఒక్కో వైపు రెండున్నర గంటలు పడుతుందని ఆవిడ అంచనా. మొత్తం 5 గంటల 40 నిమిషాలు. ఆ అంకె చూసి ఆయన కాసేపు ఏమీ అనలేదు. పటమటకు వెళ్తే ఇంట్లో ప్రయాణం తగ్గుతుందని ఆయన మనస్ఫూర్తిగా నమ్మారు. తన ప్రయాణం తగ్గడం, ఇంటి ప్రయాణం తగ్గడం వేరువేరని అప్పటిదాకా తట్టలేదు.

మధ్యేమార్గంగా మంగళగిరి అనుకుందామన్నారు. ఇలాంటి కేసుల్లో మంగళగిరి, తాడేపల్లి, నంబూరు పేర్లు తప్పకుండా వస్తాయి. చెరి సగం అనుకుంటే న్యాయంగా కనిపిస్తుంది. లెక్క వేస్తే ఆయనకు 1 గంట 40 నిమిషాలు, ఆవిడకు మూడున్నర గంటలు. మొత్తం కొంచెం తగ్గింది గానీ ఆవిడ భాగం దాదాపు రెట్టింపయింది. పైగా అత్తగారికి తెలిసిన వీధి ఉండదు, పిల్లలకు తెలిసిన బడి ఉండదు. మ్యాపు మీద మధ్యలో ఉన్నంత మాత్రాన అది ఇద్దరికీ మధ్యలో ఉన్నట్టు కాదు.

ఫోన్ వస్తే ఎవరు?

ప్రతి ఇంటి కేసులోనూ నేను అడిగే ప్రశ్న ఒకటుంది. పొద్దున 11 గంటలకు బాబుకి జ్వరం వచ్చిందని బడి నుంచి ఫోన్ వచ్చింది. ముందు ఎవరు చేరతారు?

గుంటూరులో ఉంటే జవాబు తేలికే. నానమ్మ ఇంట్లో ఉంటారు, ఎదురింటివాళ్లు ఉన్నారు, బడికి బాబును తీసుకెళ్లే ఆటో అతనికి ఒక్క ఫోన్ చాలు. వాళ్లమ్మ గంటలో వచ్చేస్తుంది. పటమటలో ఉంటే? దగ్గరగా ఉండేది తండ్రి. ఆటోనగర్ నుంచి ఇరవై నిమిషాలు. ఆ మాట మీద పటమటకు మంచి మార్కులే పడాలి. అందుకే ఆయన్ని అడిగాను: "ఫోన్ మీకు వస్తుంది. లేచి వెళ్లగలరా?" ఆయన వెంటనే వెళ్తాననలేదు. 11వ తేదీ జీఎస్‌టీ ఆర్-1, 20వ తేదీ 3బి రిటర్నులు వేయాలి. ఆ రోజుల్లో సీట్లోంచి లేవడం కుదరదన్నారు. మిగతా రోజుల్లో? యజమానిని అడగాలన్నారు. అప్పుడు ఆవిడ నెమ్మదిగా, "అప్పుడు కూడా ఫోన్ నాకే వస్తుందండీ. నేను యాభై కిలోమీటర్ల దూరంలో ఉంటాను" అన్నారు.

నా దృష్టిలో ఈ కేసు ఇక్కడ తిరిగింది. ఆవిడ ఇన్నాళ్లూ "గుంటూరు వదిలి రాను" అంటుంటే ఆయనకు పుట్టింటి ఊరి మీద మమకారంలా వినిపించింది. ఆవిడ భయం అది కాదు. పొద్దున, సాయంత్రం ఇంటి పని తన మీదే ఉంటుంది, దాని మీద అయిదు గంటల ప్రయాణం వచ్చి పడుతుంది. ఆయన ప్రయాణానికి అటు వంట లేదు, ఇటు హోంవర్క్ లేదు. ఒకే దూరం ఇద్దరికీ ఒకే బరువు కాదు. బడికి ఆలస్యంగా వెళ్తే చూసీచూడనట్టు ఊరుకునే రోజులూ పోయాయి. 2022 ఆగస్టు నుంచి టీచర్లకు ముఖం చూపించి యాప్‌లో హాజరు వేసుకునే పద్ధతి వచ్చింది. బెంజి సర్కిల్‌లో ట్రాఫిక్ ఆగిందని యాప్‌కి చెప్పలేం కదా అని ఆవిడ అన్నప్పుడు ఆ గొంతులో నిజమైన దిగులుంది.

అత్తగారితో

పెద్దావిడతో విడిగా మాట్లాడాను. కొడుకు, కోడలు ఇద్దరూ "అమ్మ ఇల్లు వదలదు" అని చెప్పారు. అడిగితే ఆవిడ అన్నది వేరు. "ఇల్లేముందమ్మా, గోడలు. వాడు సుఖంగా ఉంటానంటే నేనెందుకు అడ్డుపడతాను? పొద్దున ఏడింటికి వీళ్లందరూ వెళ్తే రాత్రి ఏడింటి దాకా పటమటలో ఆ మూడో అంతస్తులో నేనొక్కదాన్నే. కరెంటు పోతే లిఫ్టు లేదు. పడిపోతే పిలవడానికి ఎవరూ తెలీదు." ఆవిడ గట్టిగా వద్దన్నది ఒక్కటే. అద్దె తక్కువని విజయవాడలోనే అజిత్‌సింగ్ నగర్‌లో ఇంకో ఇల్లు చూశారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉండటం ఆవిడ టీవీలో చూశారు. అటు మాత్రం రానన్నారు. నాకది న్యాయమైన అభ్యంతరమే అనిపించింది. మోకాళ్ల నొప్పులున్న మనిషి నడుం లోతు నీళ్లలో నడవలేదు.

ఒక వారం పరీక్ష

అంచనాల మీద నిర్ణయం తీసుకోవద్దని నేను ఎప్పుడూ చెబుతాను. ఇల్లు మారకముందే ఆ ఇంటి జీవితం ఒక వారం బతికి చూడాలి. వీళ్లకు ఒక వీలు ఉంది. భార్య అక్కయ్య కుటుంబం పటమటలోనే ఉంటుంది. భార్య సోమవారం నుంచి శనివారం దాకా అక్కడ ఉండి బడికి వెళ్లి రావాలి. పిల్లలు, అత్తగారు గుంటూరులోనే ఉంటారు. పొద్దున ఇంటి పని ఆయన చూసుకుని ఆఫీసుకు వెళ్లాలి. ఈ రెండో భాగం కావాలనే పెట్టాను.

ఆవిడ తెల్లవారి 5.50కి బయల్దేరితే బడికి చేరేది 8.30. సాయంత్రం మూడు గంటలు పట్టింది. ఆవిడ అంచనా కంటే రోజుకు 40 నిమిషాలు ఎక్కువ. ఉచిత బస్సు వచ్చాక ఎక్స్‌ప్రెస్‌ల్లో రద్దీ బాగా ఉంటోంది. నిలబడే వెళ్లిన రోజులే ఎక్కువ. గురువారం సాయంత్రం అక్కయ్య ఇంట్లో అన్నం కూడా తినకుండా పడుకున్నారట. పిల్లల్ని చూసుకోవాల్సిన పని లేకుండానే అలా అయింది.

ఇటు ఆయన పిల్లల టిఫిన్లు, బాక్సులు, బాబు ఆటో, అమ్మ ఇన్సులిన్, మాత్రలు చూసుకుని వెళ్లారు. రెండు రోజులు ఆఫీసుకు ఆలస్యమైంది. తర్వాతి సెషన్‌లో ఆయన తన అలసట గురించి మాట్లాడలేదు. "ఇదంతా చేసి తొమ్మిదిలోపు బడిలో ఎలా ఉంటున్నావు?" అని ఆవిడను అడిగారు. నెలల తర్వాత వాళ్లిద్దరూ ఒకే వైపు నిలబడి సమస్యను చూడటం నేను అప్పుడే చూశాను.

నది అవతల, ఇవతల

అప్పటిదాకా ఎవరూ బల్ల మీద పెట్టని ఒక విషయం ఆ సెషన్‌లో బయటికి వచ్చింది. టీచర్ల బదిలీలు ఇప్పటికీ ఉమ్మడి జిల్లా లెక్కన జరుగుతాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినా ఆవిడ సర్వీసు ఉమ్మడి గుంటూరు జిల్లాదే. కృష్ణ దాటితే పాత కృష్ణా జిల్లా. మామూలు బదిలీల్లో ఆవిడ విజయవాడ బడికి రాలేరు. అంతర్ జిల్లా బదిలీలకు ప్రభుత్వం ఎప్పుడో గానీ అవకాశం ఇవ్వదు. భర్తది ప్రైవేటు ఉద్యోగం కాబట్టి దంపతుల కోటా ఆశ కూడా లేదు. అంటే పటమటకు మారితే ఆ అయిదారు గంటల ప్రయాణం ఏడాదికో రెండేళ్లకో తీరేది కాదు. ఆవిడకు ఇది తెలుసు. ఆయనకు తెలియదు. "చెప్పినా ఒప్పుకోరని చెప్పలేదు" అన్నారావిడ.

అదే సమయంలో తాడేపల్లి, మంగళగిరి నదికి ఇటువైపే ఉన్నాయి. అవి గుంటూరు జిల్లాలోవే. 2025లో వచ్చిన ఉపాధ్యాయ బదిలీల చట్టం ప్రకారం ఒక బడిలో 8 విద్యా సంవత్సరాలు నిండితే టీచర్ తప్పనిసరిగా మారాలి. ఆవిడకు అది దాదాపు రెండేళ్లలో నిండుతుంది. అమ్మాయి పదో తరగతి పూర్తయ్యేదీ అప్పుడే. ఆవిడకు తాడేపల్లి, మంగళగిరి మండలాల్లో ఖాళీ దొరికితే, ఇప్పుడు చెడుగా తేలిన మంగళగిరి అప్పుడు అందరికీ మంచిదవుతుంది. పెద్దావిడకు మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. ఆయనకు ఆటోనగర్ గంటలోపే.

మా ముగ్గురికీ వరుస తెలిసింది. ముందు బదిలీ, తర్వాత ఇల్లు. ఇద్దరి ఉద్యోగాల్లో కదలడానికి వీల్లేనిది ఏదో, ఎప్పటిదాకా వీల్లేదో ముందు తేల్చుకోవాలి. ఇల్లు దాని వెనక రావాలి. చాలా కుటుంబాలు ఇల్లు ముందు చూస్తాయి, ఎందుకంటే ఇల్లు దొరుకుతుంది, బదిలీ మన చేతిలో ఉండదు. మన చేతిలో ఉన్నదాన్ని ముందు కదపాలన్న తొందర అర్థం చేసుకోదగ్గదే. కానీ దానివల్ల రెండేళ్లలో రెండుసార్లు సామాను కట్టాల్సి వస్తుంది.

ఏం చేశారు

పటమట అడ్వాన్స్ ఇవ్వలేదు. అయితే "ఇప్పటికి మారవద్దు" అని చెప్పి పంపేస్తే ఆయన ప్రయాణం రోజుకు 3 గంటల 45 నిమిషాలు అలాగే మిగులుతుంది. అది నాకు ఇష్టం లేదు. ఆయన తన యజమానితో పనివేళల గురించి మాట్లాడటానికి భయపడుతుంటే, ఏం అడగాలో ఇద్దరం కలిసి రాసుకున్నాం. 9.30 నుంచి 7 దాకా ఉన్న డ్యూటీని 8.30 నుంచి 5.45 చేయమని, రిటర్నుల రోజుల్లో ఎంత ఆలస్యమైనా ఉంటానని. యజమాని ఒప్పుకున్నారు. పొద్దున 6.40కి బయల్దేరితే రద్దీ తక్కువ, గంటన్నరలోపే చేరుతున్నారు. రాత్రి ఇంటికొచ్చేది ఏడున్నర. 10, 11, 19, 20 తేదీల్లో ఆలస్యమైతే వదిన గారింట్లో పడుకుంటున్నారు. ఆ రాత్రులు ఇంటికి రాకపోవడాన్ని ఇద్దరూ ముందే క్యాలెండర్‌లో రాసుకున్నారు కాబట్టి అది గొడవ కావడం లేదు.

పొద్దున్నే వెళ్లిపోతారు కాబట్టి టిఫిన్ల పని ఆయన మీద పెట్టలేం. బదులుగా రాత్రి ఏడున్నర తర్వాత వంటిల్లు సర్దడం, అమ్మాయి లెక్కలు, మర్నాటికి కూరగాయలు తరిగిపెట్టడం ఆయనవి. ఇంటికి రాగానే ఇరవై నిమిషాలు ఎవరూ ఆయన్ని ఏమీ అడగకూడదన్నది ఆవిడ ఒప్పుకున్న షరతు. ఆ తర్వాత ఫోన్ బల్ల మీద పెట్టాలన్నది ఆయన ఒప్పుకున్న షరతు. పొద్దున సాయానికి రోజూ రెండు గంటలు పనిమనిషిని పెట్టుకున్నారు. పటమట అద్దె తేడా కంటే అది తక్కువ.

ఆరు నెలల తర్వాత

నిద్ర మెరుగైంది. ఆదివారం సాయంత్రం టెన్షన్ తగ్గిందని ఆయనే చెప్పారు. నడుం నొప్పి తగ్గలేదు, ఫిజియోథెరపీ నడుస్తోంది. రిటర్నుల వారాల్లో ఇద్దరికీ చిరాకు ఉంటూనే ఉంది. ఒక నెల యజమాని వరసగా పది రోజులు రాత్రి ఎనిమిది దాకా ఉంచినప్పుడు పాత గొడవ మళ్లీ మొదలై, ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు. పనివేళల ఒప్పందం నోటిమాటగా ఉన్నంతకాలం అలా జరుగుతూనే ఉంటుందని, కాగితం మీద రాయించుకోమని చెప్పాను. ఆయన ఇంకా అడగలేదు. ఆ పని ఈ నెలాఖరులోగా చేస్తానన్నారు.

ఆవిడ తాడేపల్లి, మంగళగిరి మండలాల్లో ఏ బడుల్లో ఖాళీలు వచ్చే అవకాశం ఉందో తోటి టీచర్లను అడిగి రాసుకోవడం మొదలుపెట్టారు. బదిలీల జాబితా వచ్చాక మళ్లీ కలుద్దామనుకున్నాం. కోరుకున్న మండలం దొరక్కపోతే ఈ మూడు చోట్ల లెక్క మొదటి నుంచి వేయాలి, అప్పటికి అమ్మాయి ఇంటర్ ఎక్కడ చదువుతుందన్నది కూడా కలుపుకుని.